గౌరమ్మ ఎక్కలేని మెట్లు

1982 ఎండాకాలం. నేను మదనపల్లెలో వడ్రంగం చేస్తూ, చుట్టుపక్కల ఊళ్ళకు పోయి తలుపులు, మెట్లు బిగించి వచ్చే రోజులు. పుంగనూరులో గుడ్డల అంగడి పెట్టుకున్న మునిరత్నం కబురంపాడు. రెండు గదుల ఇల్లు, పైన మిద్దె. మిద్దెకు సొంత మెట్లు లేవు. అంతవరకూ పక్కింటి రాతిమెట్లెక్కి, జానెడు పిట్టగోడ దాటి పోయేవాళ్ళు. పక్కింటివాళ్ళు ఆ గోడను నిలువెత్తు లేపేశారు.

ఆ మిద్దె మునిరత్నం చెల్లెలు గౌరమ్మకు బతుకుదెరువు. భర్త పోయాక అన్న ఇంట్లో ఉంటూ, అప్పడాలు ఒత్తి, మిద్దెమీద ఎండబెట్టి, హోటళ్ళకు అమ్ముకునేది. ఎండ దొరక్కపోతే అప్పడం లేదు. అప్పడం లేకపోతే అన్న పెట్టింది తిని కూర్చోవాలి. ఇంతవరకూ మునిరత్నమే చెప్పాడు. చెప్పనిది ఇంకొకటి ఉంది.

మిద్దెకు కన్నం కొట్టించిన మూలలో మెట్లకు దొరికే చోటు ఐదడుగులు. కప్పు ఎత్తు ఎనిమిదడుగులు. మెట్ల పనిలో రెండు మాటలు ముఖ్యం. ట్రెడ్ అంటే అడుగు పెట్టే పలక, రైజర్ అంటే మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎత్తు. రైజర్ పెంచితే మోకాళ్ళు పోతాయి, ట్రెడ్ తగ్గిస్తే మడమ జారుతుంది. రెండూ సరిగ్గా పెడితే మెట్లే సగం గది తింటాయి.

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. అయినా పాత పుస్తకాల అంగట్లో కొన్న ఒక ఇంగ్లీషు వడ్రంగి పుస్తకాన్ని, నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగేళ్ళు చదివాను. అందులో ఒక ఉపాయం ఉంది. ప్రతి పలకనూ ఒక పక్క సగం కోసేస్తారు. ఒక మెట్టు కుడికాలికే, దాని పైది ఎడమకాలికే. కోసేసిన జాగాలోంచి రెండో కాలు నేరుగా పై మెట్టుకు పోతుంది కాబట్టి సగం చోటు చాలు. ఈ చుట్టుపక్కల ఎవడూ చెయ్యని పని చేస్తున్నానని నాకు పొగరు.

"ఎన్ని మెట్లప్పా ఆచారీ? బేసి ఉండాల సూడు," అన్నాడు మునిరత్నం.

"పదకొండు."

"మొదటిది కుడికాలికే కదా?"

"కుడికాలికే."

ఆయన అడిగినవి ఆ రెండే. నేను అడిగింది అదీ లేదు. కొలతలకు రెండుసార్లు పోయాను. రెండుసార్లూ గౌరమ్మ పీట ముందు కూర్చుని అప్పడాలు ఒత్తుతూనే ఉంది. లేచి నడవగా చూడలేదు.

టేకు పలకలతో చేసి, బండిలో తెచ్చి, పగలంతా పట్టి బిగించాను. మునిరత్నం ఎక్కాడు, దిగాడు, మళ్ళీ ఎక్కాడు. "భలే ఉండాది ఆచారీ! పిల్లోని మాదిరి పోతాండాను!" వీధిలోవాళ్ళు వచ్చి చూసిపోయారు.

అప్పుడు గౌరమ్మ అప్పడాల తట్ట చంకన పెట్టుకుని, ఎడమకాలు ఈడుస్తూ వచ్చింది. చిన్నప్పుడు జ్వరమొచ్చి సన్నబడిపోయిన కాలు. కుడికాలు మొదటి మెట్టుమీద పెట్టింది. ఎడమకాలిని దాని పక్కకు చేర్చుకోబోయింది. అక్కడ పలక లేదు. నేనే కోసేశాను. అలాంటి కాలున్నవాళ్ళు రెండు కాళ్ళనూ ఒకే మెట్టుమీద నిలుపుకుని గాని పైకి పోలేరు. ఆమె తట్ట కింద పెట్టింది.

"రెండు కాళ్ళూ సమంగా ఉండేవాళ్ళకు చేసినావన్నా."

ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

నేను మునిరత్నం మీద విరుచుకుపడ్డాను. "ఆయమ్మ కాలు సంగతి యాల చెప్పలేదప్పా?"

"నువ్వు అడిగితే కదా! మాకు సూసి సూసి అలవాటైపోయింది. అయినా అదెందుకు ఎక్కల్ల? తట్ట నేనే పైన పెట్టొస్తాలే."

"నువ్వు అంగడికి పోయినాక కోతులొస్తే ఎవురు తోల్తారు? చినుకు పడితే ఎవురు తీస్తారు?" అంది గౌరమ్మ. "నాలుగు దినాలు పెడతావు. ఐదో దినం నడుం నొప్పంటావు."

నిండు పలకలతో మెట్లు వెయ్యాలంటే గదిలోకి ఇంకో ఐదడుగులు రావాలి. ఆ జాగాలో మునిరత్నం మధ్యాహ్నాలు పడుకునే ఈజీచైరు ఉంది.

"మరి నా కుర్చీ యాడేసుకునేది?"

నాకు ఒళ్ళు మండింది. "నీ కుర్చీ మడిస్తే మడతపడతాది. ఆయమ్మ కాలు మడతపడదు."

గౌరమ్మ ఫక్కున నవ్వింది. మునిరత్నం కాసేపు గడపమీద కూర్చున్నాడు. తర్వాత లేచి, కుర్చీ మడిచి గోడకు ఆనించాడు.

ఈసారి ముందు ఇటుకలు పేర్చి, ఎంత ఎత్తయితే గౌరమ్మకు కష్టం లేదో చూసి రైజర్ గీసుకున్నాను. మధ్యలో ఒక ల్యాండింగ్ పెట్టాను, అంటే ఆగి మలుపు తిరిగే చదరపు పలక. రెండు పక్కలా చేతికడ్డీలు. తల తగలకుండా మిద్దె కన్నాన్ని మేస్త్రీ చేత పెంచించాం. మెట్లు పదమూడయ్యాయి. అదీ బేసే కాబట్టి మునిరత్నం నోరెత్తలేదు. గౌరమ్మ తట్టతో పైదాకా పోయి, అక్కణ్ణించి కోతుల్ని అదిలించిన కేక నాకు కిందికి వినబడింది.

ఇప్పుడు పత్రికల్లో చిన్న ఇళ్ళకు చోటు తినని మెట్లని రంగుల బొమ్మలు వేస్తున్నారు. ఎంత వెడల్పో రాస్తారు, ఎంత ఎత్తో రాస్తారు. ఎక్కేది ఎవరో ఒక్కడూ రాయడు. అనుభవం లేనివాళ్ళనుకుంటే సరే, అన్నీ చదివిన నేనూ ఆ పనే చేశాను కదా!

ఊడదీసిన మెట్లు నా కొట్టంలో నాలుగేళ్ళు పడి ఉన్నాయి. 1986లో కుప్పంలో ఒకాయన తన చిన్న ఇంటికి అవే కావాలన్నాడు. పోయి, టేపు తియ్యకముందే, ఇంట్లోవాళ్ళందరినీ ఒకసారి నా ముందు నడవమన్నాను.

"మెట్లకు కొలత తియ్యప్పా అంటే మా నడకలు సూస్తాండావేంది?"

"మొదటి కొలత అదే."

ఆయన నడిచాడు, భార్య నడిచింది. చివరగా వంటింట్లోంచి వాళ్ళమ్మ, గోడ పట్టుకుని వచ్చింది.

ఆ మెట్లు ఇప్పటికీ నా కొట్టంలోనే ఉన్నాయి.