అక్క చెవులకు రెండు హెడ్‌ఫోన్లు

మార్చి మొదటి సోమవారం మా అక్క రోజు మొత్తంలో నలభై ఒక్క మాటలు మాట్లాడింది. మాట అంటే నా లెక్కలో ఒక వాక్యం. "ఉప్పు తక్కువైంది" అన్నా ఒకటే, పక్కింటావిడ మీద చెప్పే పొడుగాటి చాడీ అయినా ఒకటే. మే నెలకు అది పదకొండుకు దిగింది. జూన్ పదో తేదీన మూడు. ఆ మూడింటిలో రెండు పిల్లిని అదిలించినవి. ముప్పై మూడేళ్లు బళ్లో లెక్కలు చెప్పినదాన్ని, తగ్గుతున్నదేదైనా కాగితం మీద పెట్టకుండా ఉండలేను. కానీ ఆ అంకెలు వేసేటప్పుడు ఇంకెన్ని రోజులకు సున్నా వస్తుందో మనసు దానంతట అదే తీసివేతలు చేసేది.

అక్కకు డెబ్బై ఆరు, నాకు డెబ్బై రెండు. ఇద్దరి భర్తలూ పోయాక మార్కాపురంలో ఎనిమిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. అక్క ముప్పై ఏళ్లకు పైగా పలకల ఫ్యాక్టరీలో పనిచేసింది. రాయి కోసే మిషన్లకు పది అడుగుల దూరంలో కూర్చుని, తయారైన ప్రతి పలకనూ వేలి కణుపుతో కొట్టి చూసేది. ఖంగుమంటే కుడి పక్కకు, బొంగురుగా మోగితే ఎడమ పక్కకు. లోపల కంటికి కనపడని పగులు ఉంటే మోతలో దొరికిపోతుంది. ఆ మిషన్ల రొదే ఆమె చెవులను తినేసింది. చదువు రాదు. అన్ని పలకలు ఆమె చేతుల మీదుగా బడులకు వెళ్లాయి కానీ ఒక్కదాని మీద కూడా ఆమె అక్షరం దిద్దలేదు. అందుకని చెప్పదలచుకున్నది రాసి చూపించే దారి నాకు లేదు.

వినపడకపోతే వినడం ఆగిపోవాలి, మాట్లాడటం ఎందుకు ఆగాలి అని మొదట్లో నాకు అర్థం కాలేదు. ఒకసారి తర్లుపాడు బస్సులో అక్క నాతో ఏదో చెబుతోంది. వెనక సీటులో ఎవరో "ఆమెకెవరన్నా చెప్పండబ్బా, బస్సు టాపు లేచిపోతాంది" అన్నారు. బస్సంతా నవ్వింది. అక్కకు మాట వినపడలేదు, ముఖాలు కనపడ్డాయి. ఇంటికి వచ్చాక, "నా గొంతు ఎంత లేస్తాందో నాకే తెలవకపాయె. ఇంక నేను నోరు తెరిచేది ఎట్ల?" అంది. ఆ రోజు నుంచే అంకె దిగడం మొదలైంది.

ఒంగోలులో డాక్టరు నరాలే దెబ్బతిన్నాయన్నాడు, ఈ మిగిలింది కూడా ఎంతో కాలం ఉండదన్నాడు. ఆయన రాసిన చెవి మిషన్లు పెట్టగానే కీచుమనేవి. అక్క పదిహేను రోజులు ఓర్చుకుని, తీసి గ్లాసులో వేసింది.

దారి చూపినవాడు మొబైల్ దుకాణం అబ్బాయి. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడే. "మేడమ్, చుట్టూ శబ్దాన్ని పట్టి పెద్దది చేసే యాప్ ఉంది. ఫోన్ మధ్యలో పెట్టుకోండి. చెవులు మొత్తం మూసుకుపోయే హెడ్‌ఫోన్ పెట్టండి అవ్వకు. లోపలి శబ్దం బయటికి రాదు, అందుకని కీచుమనదు" అన్నాడు. రెండు రకాలు తీశాడు, రెండూ వైరువే. ఒకటి నల్లది, చెవులను కప్పే డిప్పలు లావు. ఒకటి నీలిది, తేలిక.

"ఏది మంచిది?" అన్నాను.

"నన్నడిగితే నల్లది మేడమ్. బేస్ గుండెల్లో మోగుతాది."

"మా అక్కకు డ్యాన్సులు చేసే వయసు కాదు నాయనా. మాట వినపడాలి."

"అట్లయితే నీలిది. మాట గీత గీసినట్టుంటది. చెవి చెవికీ రుచి వేరు మేడమ్. రెండూ తీసుకుపోండి. వారం చూసి ఒకటి తెచ్చియ్యండి. మీకు ఇయ్యకపోతే ఎక్కాలు అప్పజెప్పమంటారు మళ్లా."

వరండాలో కూర్చోబెట్టి పరీక్ష పెట్టాను. డిక్టేషన్‌కు ఇచ్చినట్టే ఇరవై పదాలు ఎంచాను. ఒక్కోటి ఒక్కసారే చదువుతాను, ఆమె తిరిగి చెప్పాలి. ఫోన్ ముక్కాలి పీట మీద, ఇద్దరికీ సమాన దూరంలో. నీలిది పెట్టుకుని ఇరవైకి పదిహేను చెప్పింది. నల్లది పెట్టుకుని తొమ్మిది. మర్నాడు పదాలు మార్చి మళ్లీ పెట్టాను. పద్నాలుగు, తొమ్మిది. మూడో రోజు పదిహేను, ఎనిమిది. ఇంతకంటే స్పష్టమైన లెక్క నా జీవితంలో చూడలేదు.

"నీలిది ఉంచుకుందాం" అన్నాను.

"నల్లది" అంది అక్క.

"దాంట్లో నీకు సగం కూడా వినపళ్లేదు అక్కా."

"సగమైనా నిజం వినపడతాంది. నీలిది రేకు డబ్బాలో రాళ్లేసినట్టు ఉంది."

"మార్కులు చూడు."

"నీ మార్కులు నువ్వే ఏసుకో చెల్లే. నేను బడికి పోలేదు, పాసు కాలేదు, నాకేంది."

లేచి దొడ్లోకి వెళ్లి, గోడ వార పెట్టిన పాత పలకలు రెండు తెచ్చింది. ఫోన్ పక్కన కూర్చుని నీలిది పెట్టుకుని ఒక్కొక్కటి కణుపుతో కొట్టింది. నల్లది పెట్టుకుని మళ్లీ కొట్టింది. తర్వాత నా చెవులకు తగిలించి, "ఇప్పుడు నువ్విను" అంది.

నీలిదాంట్లో రెండు పలకలూ ఒకే తీరుగా ఖంగుమన్నాయి. నల్లదాంట్లో ఒకటి మోగింది, రెండోది బొంగురుగా ఆగిపోయింది. ఆ రెండోది పగిలిన పలక.

"చూస్తివా? నీలిదాంట్లో పగులు పలక కూడా మంచిదే అయిపోతాంది. అట్లాంటిదాన్ని నమ్మి నేను ఏం విందును? నిన్న పదాలు చెప్పేటప్పుడు నా గొంతు నాకే వినపడింది. అది నా గొంతు కాదు. ఎవత్తో వచ్చి నా నోట్లో కూర్చొని గీరుతాంది."

ఆమె చెప్పింది నిజమని నా చెవులతో నేను విన్నాను. విని కూడా, శనివారం ఉదయం పదిన్నరకు నల్లదాన్ని పెట్టెలో పెట్టి దుకాణంలో ఇచ్చి వచ్చాను. నా మాట పదిహేను వంతులు చేరేదాన్ని వదిలి తొమ్మిది వంతులు చేరేదాన్ని ఉంచుకోవడం నా బుద్ధికి ఎక్కలేదు. ముప్పై మూడేళ్లు ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లనే ముందు బెంచీలో కూర్చోబెట్టాను.

ఆ తర్వాత అక్క నేను చెప్పింది వినేది. భోజనానికి రమ్మంటే వచ్చేది, మాత్ర వేసుకోమంటే వేసుకునేది. నేను మాట్లాడినంతసేపూ నీలి డిప్పలు చెవులకు ఉంచుకుని, నేను ఆపగానే తీసి ఒళ్లో పెట్టుకునేది. తను మాట్లాడవలసి వస్తే చేత్తో చూపేది. శనివారం నాలుగు మాటలు. ఆదివారం రెండు. సోమవారం సున్నా. మంగళవారం సున్నా. అలా తొమ్మిది రోజులు. తిట్టాను. బతిమాలాను. పిల్లిని ఆమె మంచం మీదకు వదిలాను, కనీసం దాన్నన్నా అదిలిస్తుందని. చేత్తో నెట్టింది, నోరు తెరవలేదు. ఆ తొమ్మిది రోజుల్లో ఇంట్లో వినపడింది నా గొంతు ఒక్కటే. అది నాకే రోత పుట్టించింది.

పదో రోజు దుకాణం తెరవకముందే మెట్ల మీద కూర్చున్నాను. నల్లది అమ్ముడుపోయింది. "గిద్దలూరు పాప తీసుకుపోయింది మేడమ్, పోటీ పరీక్షలకు చదువుతాది. ఆ మోడల్ ఇప్పుడు రావడం లేదు. వేరేది చూపిస్తా" అన్నాడు. వేరేవి మూడు తెచ్చి పలకలు కొట్టించాను. అక్క మూడింటికీ తల అడ్డంగా ఊపింది. అబ్బాయి చేత ఆ పాపకు ఫోన్ చేయించాను. మర్నాడు అక్కనూ నీలిదాన్నీ తీసుకుని గిద్దలూరు బస్సు ఎక్కాను. కంభం దాటేదాకా చేతులు జోడించి ఎలా అడగాలో మనసులో దిద్దుకుంటూనే ఉన్నాను. ఒకరి వస్తువును మార్చి ఇమ్మని అడగడానికి ఈ వయసులో పరాయి గడపకు వెళ్తానని ఎన్నడూ అనుకోలేదు.

పాప ఇరవై రెండేళ్లది. నల్లదాన్ని మెడకు వేసుకునే తలుపు తీసింది. "ఇయ్యనవ్వా, ఏమనుకోవద్దు. మా ఇంట్లో టీవీ ఆపరు. ఇది పెట్టుకుంటే ఏమీ వినపడదు, అందుకే కొన్న్యా" అంది.

"దాంట్లో ఏం వింటావమ్మా?"

"క్లాసులు. సార్లు చెప్పేటివి."

"సార్లు చెప్పేది మొత్తం తెలుస్తుందా?"

"గొణిగినట్టుంటది. రెండుసార్లు వింటా."

"ఇది ఒకసారి పెట్టుకో" అని నీలిది ఇచ్చాను. నల్లదాన్ని తీసి బల్ల మీద పెట్టి, క్లాసు పెట్టుకుని పది నిమిషాలు విన్నది. డిప్ప ఒకటి ఎత్తి టీవీ వైపు చూసింది, మళ్లీ మూసుకుంది. "టీవీ కొంచెం దూరుతాంది. కానీ సారు మాట బాగుందవ్వా" అంది. ఈలోగా అక్క అడక్కుండానే బల్ల మీది నల్లదాన్ని తీసి తలకు పెట్టుకుంది. నేను ఫోన్ తగిలించాను.

అక్క గొంతు సవరించుకుంది. ఆ సవరింపు తనకే వినపడి ఆగింది. తర్వాత, బాగా మెల్లగా, "మంచినీళ్లు ఉన్నాయా పాపా?" అంది.

పది రోజుల తర్వాత మొదటి మాట. నేను తల పక్కకు తిప్పుకున్నాను. నీళ్లు తెస్తూ పాప నన్ను చూసి, "మీరే ఉంచుకోండవ్వా, నాకు ఆ నీలిది చాలు" అంది.

తిరుగు బస్సులో అక్క గిద్దలూరు నుంచి మార్కాపురం దాకా మాట్లాడుతూనే ఉంది. ఫోన్ ఒళ్లో పెట్టుకుని, తన గొంతు తను వింటూ, పక్క సీటుకు కూడా అందనంత తగ్గు స్వరంతో. ఎవరూ వెనక్కి తిరగలేదు. నేను ఏదో అడిగాను. ఆమె జవాబు వేరేదానికి చెప్పింది. ఇంకొకటి అడిగాను. "ఆఁ, వానొచ్చేట్టే ఉంది" అంది. నేను అడిగింది మధ్యాహ్నం మాత్ర వేసుకుందా అని.

దాన్ని కూడా లెక్కలో ముందే చూశాను కదా, ఇరవైకి తొమ్మిది. ఆగస్టులో మళ్లీ పరీక్ష పెడితే ఆరు. దసరా ముందు నాలుగు. ఆ తర్వాత పెట్టలేదు. ఆమె మాట నాకు వస్తోంది, నా మాట ఆమెకు పోవడం లేదు. నీలిది ఉన్న రోజుల్లో ఇది తలకిందులుగా ఉండింది. రెండూ కలిసి ఉండే హెడ్‌ఫోన్ ఏ దుకాణంలోనూ దొరకలేదు. ఒంగోలు, నంద్యాల రెండూ తిరిగాను. తన గొంతు కూడా తనకు అందని రోజు వస్తుంది, అప్పుడు ఈమె మళ్లీ నోరు మూసుకుంటుంది. ఈలోగా అడగవలసినవి నాకు చాలా ఉన్నాయి. అమ్మ గురించి ఆమెకు తెలిసి నాకు తెలియనివి ఉన్నాయి. అమ్మ పోయేనాటికి నాకు మూడేళ్లు, ఆమెకు ఏడు. ఫోన్‌కు నోరు ఆనించి అడుగుతాను, చేతులతో చూపిస్తాను. ఆమె నవ్వి, పలకల ఫ్యాక్టరీలో మేస్త్రీ గురించి చెబుతుంది. అది నాకు తెలిసిన కథే.

నిన్న మధ్యాహ్నం చింతపండు వలుస్తూ నాయన పోయిన నాటి సంగతి ఎత్తుకుంది. "శ్రావణం అది. శుక్రవారం పూజలు అయితాండె" అంది.

శ్రావణం కాదు, భాద్రపదం. వినాయక చవితి అయిన నాలుగో రోజు, బుధవారం. నా దగ్గర రాసి ఉంది.

"భాద్రపదం అక్కా" అన్నాను. ఆమె చెబుతూనే ఉంది. ఫోన్ దగ్గరకు లాక్కుని గట్టిగా అన్నాను. అక్క ఆగింది. నా నోటి వంక చూసింది. చేతిలో చింతపండు అలాగే ఉంది. ఎంతసేపటికీ తిరిగి మొదలుపెట్టలేదు. తను ఏదో తప్పుగా, పెద్దగా అరిచిందేమోనన్న భయం, ఆనాటి బస్సులో చూసిన భయమే, ముఖంలోకి వచ్చేసింది.

నేను తొందర తొందరగా తల ఊపాను. శ్రావణమే అన్నట్టు ఊపాను.

"అదే చెప్తాండా, శ్రావణమే" అని అక్క మళ్లీ మొదటి నుంచి చెప్పింది.