తలుపు చప్పుడు

మా ముత్తాత మునివెంకటప్ప బూదికోట పటేలు. మా తాత కోలారు బంగారు గనులకు దుంగలు సరఫరా చేసిన కంట్రాక్టరు. ఆయన మాట్లాడుతుంటే ఇంట్లో ఎవరూ నోరెత్తేవారు కాదు. అదే ఇంట్లో నా మేనకోడలు నా మాట మధ్యలో చూపుడు వేలు ఎత్తేది. "మామా, రవంత గమ్మునుండు" అని ఫోను ముందుకు చాచి, రాగులు విసిరే చప్పుడో, ఆవు నెమరు వేసే చప్పుడో పట్టుకునేది.

బెంగళూరులో పెద్ద కంపెనీ ఉద్యోగం మానేసి వీడియో గేములు తయారు చేస్తానంది. ఆ సంగతి నేను బంధువులకు చెప్పలేదు. ఒక గేముల కంపెనీ ఆమెను నమూనా ఒకటి పంపమంది. ఆమె ఆట మా వీధి తలుపు తెరుచుకునే చప్పుడుతో మొదలవుతుంది.

"తలుపు రికార్డు చేసుకునేదానికి ఆదివారం వస్తా మామా" అని ఫోన్ చేసింది. వీడియో తీస్తుందనుకుని, నేను తలుపు తుడిపించి బందులకు ఆముదం పోయించాను.

వేలెత్తి, తలుపు తోసింది. చప్పుడు లేదు. మళ్లీ తోసింది.

"నూనె పోసినావా మామా?"

"నలుగురు చూసేది కదమ్మా. కిర్రుమంటే మన మర్యాద ఏం కావాల?"

"నాకు ఆ కిర్రే కావాల్సింది."

ఎత్తిన వేలు దించకుండా కాసేపు అలాగే నిలబడింది. కాఫీ తాగమన్నాను.

గడువు దగ్గరపడిందని వేరే ఏదో చప్పుడు పెట్టి పంపింది. గేముల కంపెనీవాళ్లు వద్దన్నారు. పాత కంపెనీలోనే మళ్లీ చేరింది. తర్వాత వచ్చినప్పుడు నేను మాట్లాడుతుంటే వేలెత్తలేదు, చివరిదాకా విన్నది.

ఆ తలుపును ద్వారబంధంతో సహా ఒక హోటలుకు అమ్మేశాము.