తుఫాను ప్రసంగం

పాలకాయతిప్ప దగ్గరి ఊళ్ళో పాస్టరు ఏలీషా గారికి కేకలతో నడిపే ప్రసంగాలంటే ఒళ్ళుమంట. ఆయన ప్రసంగంలో ముందు బైబిలు వాక్యం, తర్వాత ఆదిసంఘ పితరుల, అంటే తొలి శతాబ్దాల క్రైస్తవ గురువుల వ్యాఖ్యానం, చివర తన మాట. శనివారం భార్య సువార్తమ్మకు చదివి వినిపించాకే ఆదివారం చెబుతారు.

ఆ వారం శిష్యులున్న పడవ మునిగిపోబోతుంటే యేసు తుఫానును గద్దించి వాళ్ళను కాపాడిన భాగం. “పడవ అంటే విశ్వాసుల సంఘం, సముద్రం అంటే లోకం అన్నారు పితరులు,” అని చదివారు.

రొయ్యలు ఒలుస్తున్న సువార్తమ్మ చేతులు ఆగాయి. డెబ్బై ఏడు ఉప్పెనలో ఆమె తల్లి కొట్టుకుపోయింది. అప్పటికి ఆమెకు ఏడేళ్ళు.

“మా అమ్మని తీసుకుపోయింది లోకం కాదండీ, సముద్రమే.”

ఆయన పెన్ను కింద పెట్టారు. “ఈ ప్రసంగం రాయడం ఇది నాలుగోసారి. ఇన్నేళ్ళూ అనలేదేం?”

“మీరెప్పుడూ పడవలో ఉన్నవాళ్ళ గురించే చెబుతారు కదండీ,” అని ఆమె మళ్ళీ రొయ్యలు అందుకుంది.