లండన్ తాంబాళం

పెళ్ళికి ముందు మూడేళ్ళు హైదరాబాద్‌లో ఒక పాత వెండి సామాన్ల దుకాణంలో పనిచేశాను. మాది మహబూబాబాద్. డిగ్రీ అయ్యాక బిల్లులు రాయడానికి చేరినదాన్ని, దుకాణం పెద్దాయన పుణ్యమా అని విదేశీ వెండి అడుగున కొట్టిన గుర్తులు చదవడం నేర్చుకున్నాను. ఇంగ్లీషు వెండి మీద నడుస్తున్న సింహం ఉంటుంది. ఏ ఊళ్ళో పరీక్ష చేశారో ఇంకో గుర్తు చెబుతుంది: లండన్‌కు చిరుతపులి తల, సముద్రమే లేని బర్మింగ్‌హామ్‌కు లంగరు. ఏ సంవత్సరమో చెప్పే అక్షరం ఒకటి, చేసినవాడి పేరు పొడి అక్షరాల గుర్తు మరొకటి. అన్నీ నువ్వుగింజంతవి. పెద్దాయన భూతద్దం నా చేతిలో పెట్టి, "జర నిమ్మళంగ చూడమ్మా. కనబడ్డది ముందు చెప్పు, అనుకున్నది తర్వాత చెప్పు," అనేవాడు. పెళ్ళికి ఆ భూతద్దమే కానుకగా ఇచ్చాడు.

నా అత్తగారిల్లు దేవరుప్పుల దగ్గర. భూములున్న ఇల్లు. మామ ఒకప్పుడు సర్పంచ్. నా భర్తకు జనగామలో ఉద్యోగం, పొద్దున పోతే సాయంత్రానికి గానీ రాడు. ఆ ఇంటి బీరువాలో తెల్ల ధోవతిలో చుట్టిన పెద్ద తాంబాళం ఒకటుండేది. ఘనపూర్ అడవుల్లో వేటకొచ్చిన తెల్లదొరను మామ తాత పులి నోటి నుంచి కాపాడాడట. ఆ దొర లండన్ నుంచి దాన్ని పంపాడట.

పెళ్ళయిన నెలకే చుట్టాలందరూ కూడిన రోజున మామ ఆ తాంబాళం తెప్పించాడు. "మా కోడలు తెల్లోళ్ళ వెండి మీది రాతలు చదువుతది. చూడు బిడ్డా, గిది ఏ ఊరిదో నలుగురికి చెప్పు," అన్నాడు.

బోర్లించి చూశాను. వెనక డాలు ఆకారంలో నాలుగు చిన్న ముద్రలు వరసగా ఉన్నాయి. వాటిలో సింహం లేదు, చిరుతపులి తల లేదు. పాతకాలపు వంకర రాతలో నాలుగు అక్షరాలు: ఈ, పీ, ఎన్, ఎస్. నికెల్ కలిసిన లోహం మీద వెండి పూత అని అర్థం. దూరం నుంచి చూస్తే అసలు గుర్తుల్లాగే కనబడాలని అట్లా కొడతారు. రెండు క్షణాల్లో తెలిసిపోయింది. తల ఎత్తితే అన్ని ముఖాలూ నా వైపే ఉన్నాయి. మామ ముఖం పిల్లవాడి ముఖంలా వెలుగుతోంది.

"లండన్‌దే మామా. నూరేండ్ల పైది," అన్నాను.

ఆ ఒక్క మాటతో నేను ఇరుక్కున్నాను. ఆ తర్వాత ఎవరొచ్చినా, రఘునాథపల్లి నుంచి వియ్యాలవారొచ్చినా, పార్టీ వాళ్ళొచ్చినా, "బిడ్డా, భూతద్దం తే," అని పిలుపు. ఒకసారి ఎవరో ఏ సంవత్సరమని అడిగారు, ఒకటి చెప్పాను. ఇంకొకరు చేసినవాడి పేరు అడిగారు, అదీ చెప్పాను. మళ్ళీ అడిగితే తప్పకూడదని వాటిని నోటుబుక్కు వెనక రాసిపెట్టుకున్నాను. పిలుపు వినపడగానే ముందు ఆ పేజీ చూసుకుని వచ్చేదాన్ని. రెండో ఏట హైదరాబాద్ పెద్దాయన ఫోన్ చేసి, పని చాలా ఉంది, వారానికి రెండు రోజులైనా రమ్మన్నాడు. మామను అడిగితే నవ్వి, "ఇంట్ల ఇంత మంచి వెండి ఉండంగ ఊరోళ్ళ వెండి నీకెందుకు బిడ్డా?" అన్నాడు. నా భర్త పళ్ళెం ముందుకు జరిపి పెరుగు వెయ్యమన్నాడు. నా అబద్ధమే నాకు తలుపు గొళ్ళెం పెట్టింది.

ఆరేళ్ళు గడిచాయి. ఊళ్ళో ఎల్లమ్మకు వెండి తొడుగు చేయించాలని పెద్దలు కూర్చున్నారు. అక్కడ మామ లేచి, లండన్ తాంబాళం కరిగించి అమ్మవారికి ఇస్తానని మాటిచ్చి వచ్చాడు. బుధవారం జనగామ నుంచి వెండి పని చేసే అవుసలాయన వస్తాడన్నాడు. కొలిమిలో పెడితే బండారమంతా అందరి ముందూ బయటపడుతుంది. అమ్మవారికి పూత సామాను ఇవ్వచూపిన ఇల్లవుతుంది మాది.

మంగళవారం పొద్దున అత్తమ్మ పెరట్లో చింతపండు, బూడిద పెట్టి తాంబాళం తోముతోంది. పక్కన కూర్చుని, "అత్తమ్మా, అది వెండి కాదు," అన్నాను.

ఆమె చెయ్యి ఆగలేదు. "నాకెర్కనే."

"ఎట్ల?"

"నలభై ఏండ్లసంది తోముతున్న. అంచుల కాడ పసుపు జీర తేలుతది సూడు. వెండి గట్ల అరుగుతదా?"

"మరి మామకెందుకు చెప్పలే?"

"చెప్తె వాళ్ళ తాత అబద్ధమైతడు. ఇంత ఇంట్ల నా మాట ఎవరింటరు? నీ చేతిల భూతద్దమన్న ఉన్నది. నా చేతిల బూడిదనే ఉండె." తాంబాళం కడిగి నా ఒళ్ళో పెట్టింది. "పో. నువ్వే చెప్పు."

మామ అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. తాంబాళం, భూతద్దం ఆయన ముందు పెట్టి అంతా చెప్పాను. ఆయన భూతద్దం తీసుకుని అక్షరాలు ఒక్కొక్కటే చూశాడు. చాలాసేపు చూశాడు.

"మొదటి దినమే ఎర్కనా నీకు?"

"ఎర్కనే మామా."

"ఆరేండ్లు నన్ను నలుగుర్ల ఆడించినవ్ గదా బిడ్డా."

తిట్టినా బాగుండేది. మీ సంతోషం కోసమే అనబోయాను కానీ అది సగమే నిజం. మిగతా సగం నా భయం.

బుధవారం పెద్దలు మా వాకిట్లో కూర్చున్నారు. మామ దాచలేదు. "గది పూతదట. మాకు తెల్వదు. మా కోడలు చూసి చెప్పింది," అని, తాను రోజూ అన్నం తినే వెండి కంచం తెచ్చి అవుసలాయన ముందు పెట్టాడు. ఒక పెద్దమనిషి అడిగాడు: "మరి లండన్‌దని చెప్పింది గూడ గీ కోడలే గదా?" మామ కంచాన్ని ఇంకొంచెం ముందుకు జరిపాడు. తలుపు వెనక నిలబడ్డ నేను గడప దాటలేకపోయాను.

ఆ కంచం అమ్మవారి తొడుగులో కలిసింది. మామ ఇప్పుడు స్టీలు కంచంలో తింటాడు. నాతో మాట్లాడాల్సింది ఉంటే అత్తమ్మతో చెప్పిస్తాడు. ఊళ్ళో నన్ను ఏదీ చూసిపెట్టమని ఎవరూ అడగరు. అడగకపోవడం కొన్నాళ్ళు హాయిగా ఉండింది, తర్వాత అదీ గొళ్ళెం పెట్టిన గదిలాగే అయింది.

పెద్దాయనకు నేనే ఫోన్ చేశాను. జరిగింది దాచకుండా చెప్పాను. అంతా విని, "ఫొటోలు పంపుత. చూసి చెప్పు," అన్నాడు. "ఇంట్ల కూసోని చేసుకో, హైదరాబాద్ మాత్రం వద్దు," అన్నాడు నా భర్త. మధ్యాహ్నం పూట మేడ మీది గదిలో ఫోన్‌లో ఆ గుర్తులు పెద్దవి చేసుకుని చూస్తుంటాను. నిరుడు ఒక చెంచా ఫొటో వచ్చింది. పట్టణం గుర్తు పూర్తిగా అరిగిపోయి ఉంది. లంగరేమో అనిపించింది. చాలాసేపు చూసి, "అరిగిపోయింది, చెప్పలేను," అని రాసి పంపాను.