జంపఖానాల దుకాణంలో బోణీ

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, శివరాత్రి దగ్గరపడిన రోజుల్లో, పోలండ్ నుంచి వరంగల్ వస్తున్న మార్తా అనే నేత కళాకారిణికి నన్ను ఎస్కార్ట్ ఆఫీసర్‌గా వేశారు. సాంస్కృతిక మార్పిడి కార్యక్రమం కింద ఆమె మూడు వారాలుండి, మన జంపఖానాల నేత నేర్చుకుని, చివర్లో తన పనిని ప్రదర్శనకు పెట్టాలి. ఎస్కార్ట్ అంటే పెద్ద హోదా ఏమీ కాదు. అతిథి రైలు దిగింది మొదలు మళ్లీ ఎక్కేదాకా తిండీ నీళ్లూ మన పూచీ. మధ్యలో వెళ్లిపోతే సంజాయిషీ రాసేదీ మనమే.

కాజీపేటలో దింపుకుని, కోట చూపించే ముందు పొద్దున్నే చౌరస్తాకు తీసుకెళ్లాను. మిర్చి సీజను. బస్తాల లారీ పక్కనుంచి పోయేసరికి ఆమెకు తుమ్ములు ఆగలేదు. ఆటోల హారన్లకు చెవులు మూసుకుంది. రోడ్డు దాటడానికి నా చెయ్యి పట్టుకుని, దాటాక కూడా వదల్లేదు. నేను పుట్టి పెరిగిన ఊరు, ఆ గోలంటే నాకు ప్రాణం. ఆ పూట మాత్రం ఆమె పక్కన నడుస్తుంటే నాకూ కాస్త బెరుకు పుట్టింది.

అప్పుడే షట్టరెత్తిన ఒక జంపఖానాల దుకాణం ముందు ఆమె ఆగింది. యజమాని వీరేశం సేటు, అరవై దాటిన మనిషి, దేవుడి పటానికి అగరుబత్తి వెలిగించి వచ్చి వరసగా జంపఖానాలు పరిచాడు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ తిరగేసి, అంచులు తడిమి, మురిసిపోయి, దండం పెట్టి లేచింది. మొదటి రోజు ఏమీ కొనవద్దని విదేశీ అతిథులకు మా ఆఫీసు సూచన. ఆమె దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది.

సేటు ముఖం మాడిపోయింది. "ఏంది మేడం, పొద్దుగాల బోణీ గాకముందు అన్ని ఇప్పిచ్చి ఉత్తగనే పోతాంది? ఇగ దినమంత గిరాకి ఉంటదా?" అని నా మీద గొంతు పెంచాడు. పక్క దుకాణాల వాళ్లు తొంగిచూశారు. మార్తా బెదిరిపోయింది. ఇక్కడ మూడు వారాలు ఉండలేను, సాయంత్రం రైలుకే పంపించండి అంది.

బోణీ అంటే ఏమిటో అక్కడే నిలబడి చెప్పాను. రోజులో తొలి బేరం చేసిన చెయ్యి మంచిదైతే సాయంత్రం దాకా వ్యాపారం సాగుతుందని వర్తకుల నమ్మకం. మీరు గడప తొక్కగానే ఆయన మీ చేతిని నమ్ముకున్నాడు, కోపం అందుకే అన్నాను. ఆమె వెనక్కి వెళ్లి, కూర్చునే చిన్న ఆసనం ఒకటి కొన్నది. సేటు ఆ నోటును కళ్లకద్దుకున్నాడు. వెంటనే స్టూలు లాగి, "కూసోమను మేడం, పాపం బెదిరింది. నేనే జర గట్టిగ మాట్లాడిన. చాయ్ తాగి పోతరు" అన్నాడు. రైలు మాట మళ్లీ రాలేదు.

మూడో వారం ప్రదర్శన పెట్టాం. పొద్దున వచ్చినవాళ్లంతా మార్తా నేసినవి తిరగేశారు, మెచ్చుకున్నారు, వెళ్లిపోయారు. ఆమె ముఖం చిన్నబోయింది. అంతలో వీరేశం సేటు వచ్చాడు. ఇంకా దుకాణం తియ్యలేదట. చిన్న ముక్క ఒకటి ఏరుకుని, "బోణీ జేస్తాన బిడ్డా" అని నోటు చాపాడు. మార్తా దాన్ని రెండు చేతులా అందుకుని, ఎవరూ చెప్పకుండానే కళ్లకద్దుకుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పటికీ మిర్చి ఘాటు తగిలితే ఆ ఇద్దరే గుర్తొస్తారు.

ఆ తర్వాత వచ్చిన అతిథుల కార్యక్రమ పత్రాల్లో కోటను, వేయిస్తంభాల గుడిని రెండో రోజుకు జరిపాను. మొదటి పొద్దు అంగడికి కేటాయించి, ఏదో ఒకటి కొనమని సూచన మార్పించాను. కొత్త మనిషికి ఊళ్లో ఒకరితోనైనా పని పడితే, మిగతా ఊరిని తనే చూసుకుంటుంది.