పొగమంచులో సార్ గొంతు

ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే ముందుగా నవ్వేది నేనే. కరెంటు పని నేర్చుకునే రోజుల్లో మా ఊరి శ్మశానం పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్‌ దగ్గర ఫ్యూజు పోతే, మిగతావాళ్ళు తెల్లారనీ అనేవారు. నేను టార్చిలైటు పట్టుకుని ఒక్కణ్ణే వెళ్ళి వేసి వచ్చేవాణ్ణి. ఇది గొప్పకు చెప్పడం లేదు. కింద రాసింది చదివి, వీడు మొదటినుంచీ పిరికివాడేమో అనుకుంటారని చెబుతున్నాను. ఇప్పుడు పిరికివాణ్ణే. పోయిన చలికాలం దాకా కాదు.

మాది జగిత్యాల వైపు. ఖతర్‌లో, మెసయీద్‌లో ఒక కంపెనీలో ఎలక్ట్రీషియన్‌ని. ఉండేది కంపెనీ క్యాంపులో. డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ ఫుట్‌బాల్‌ టీముకి గోల్‌కీపర్‌గా ఆడాను. నా చేత ఆడించింది మాకు ఆటలు నేర్పే పీడీ, రాజలింగం సార్.

ఆయన రాకముందు మా కాలేజీ వెనక తుమ్మచెట్లూ రాళ్ళూ తప్ప ఏమీ ఉండేవి కావు. ఆయన గడ్డపార పట్టాడు, మేము తట్టలు మోశాం. అలా తయారైంది మా గ్రౌండు. ఆటలెందుకు అనే తండ్రుల ఇళ్ళకు సైకిల్‌ మీద వెళ్ళి, వాళ్ళతో కూర్చుని చాయ్ తాగి, కొడుకును గ్రౌండుకు పంపేలా ఒప్పించి గాని లేచేవాడు కాదు. విజిల్‌ వాడేవాడు కాదు. రెండు చప్పట్లు చరిచేవాడు, అంతే. ఆడే వయసులో కుడిమోకాలు దెబ్బతిన్నది. అందుకని బరువంతా ఎడమకాలి మీద వేసి, కుడిచెయ్యి మోకాలి మీద ఆనించి, కొద్దిగా వంగి నిలబడేవాడు.

మొదట్లో నాకు బంతి అంటే భయం. గీత మీదే నిలబడిపోయేవాణ్ణి. సార్ ఎదురుగా బంతి పెట్టుకుని, “గీత మీద నిలవడి చూస్తే గోలే అయితది. బయటికి రా శీనూ. నా దిక్కు రా” అనేవాడు. ఆ గొంతు వింటే చాలు, భయం ఉన్నా కాళ్ళు వాటంతటవే ముందుకు కదిలేవి.

పోయిన వానాకాలంలో సార్ గుండెపోటుతో చనిపోయాడు. సెలవు దొరకలేదు. దోస్తు ఒకడు ఫోన్ పట్టుకుని చూపిస్తుంటే దహనం వీడియో కాల్‌లో చూశాను. చితి అంటుకోవడం నా కళ్ళతో చూశాను కాబట్టి ఆ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు.

ఖతర్‌లో సార్ శిష్యులం బాగానే ఉన్నాం. ఐన్ ఖాలిద్‌లో దుకాణంలో పనిచేసేవాళ్ళు, సైట్లలో పనిచేసేవాళ్ళు, అల్ ఘర్రాఫాలో ఒక విల్లాకు డ్రైవర్‌గా ఉన్న అంజయ్య. అంజయ్య నా క్లాస్‌మేటు. సార్ యాదిలో శుక్రవారం శుక్రవారం ఆడుకుందామని వాడే అందరినీ పోగుచేశాడు. మా క్యాంపు పక్కన ఖాళీ ఇసుక జాగా ఉంది. క్యాంపు వైపు ఒక గోల్ పోస్టు పాతాం. మైదానం అవతలి అంచును ఆనుకుని ట్రేలర్ లారీలు తిరిగే రోడ్డు.

పోయిన చలికాలంలో ఒక శుక్రవారం పొద్దున పొగమంచు బాగా పట్టింది. సముద్రం దగ్గర కాబట్టి చలికాలంలో ఇది మామూలే. తెల్లవారినా చెయ్యి చాపితే వేళ్ళు మసకగా కనిపిస్తున్నాయి. మంచుకు బండ్లు కదలడం లేదని, ఆలస్యమవుతుందని అంజయ్య ఫోన్ చేశాడు. ఈలోపు కాళ్ళు వెచ్చబడతాయని నేను గోల్‌లో నిలబడ్డాను. నా రూమ్మేటు దిల్ బహదూర్ నేపాలీ, వెల్డర్. వాడు బంతులు కొడుతున్నాడు. ఒక బంతి పక్కకు పోయింది. దాన్ని వెతుకుతూ దిల్ మంచులోకి వెళ్ళాడు.

అప్పుడు రెండు చప్పట్లు వినిపించాయి.

“బయటికి రా శీనూ. నా దిక్కు రా.”

మొదట నవ్వొచ్చింది. మా వాళ్ళందరూ సార్‌ను అనుకరిస్తారు. అంజయ్య అప్పుడే వచ్చి ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. కానీ నవ్వుతుండగానే కాళ్ళు కదిలాయి. చేతులు చాచి, మోకాళ్ళు వంచి, సార్ నేర్పినట్టే ముందుకు నడిచాను. మంచులో తెల్లచొక్కా కనిపించింది. ఎడమకాలి మీద బరువు, మోకాలి మీద చెయ్యి. ముఖం కనిపించలేదు. నేను ఎంత నడిచినా ఆ మనిషి అంతే దూరంలో ఉన్నాడు. భయం వేయలేదు. పట్టరాని సంతోషం వేసింది. దాన్ని తలుచుకుంటేనే ఇప్పుడు నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఎవరో వెనకనుంచి మెడ దగ్గర జెర్సీ పట్టి గుంజారు. వెల్లకిలా పడ్డాను. ఆ క్షణంలోనే ఇనుప కడ్డీల ట్రేలర్ నా పాదాల ముందునుంచి పోయింది. దాని గాలికి ఇసుక కళ్ళలో పడింది. వీపు కింద గట్టిగా తగులుతున్నది తారురోడ్డు. మైదానం మొత్తం దాటి వచ్చానని నాకు తెలియనే లేదు.

నన్ను గుంజింది, బంతి వెతుకుతూ అటే వచ్చిన దిల్. కానీ వాడు నా వైపు చూడడం లేదు. రోడ్డు మధ్యలోకి పరుగెత్తి, వంగి, ఆ చివరిదాకా వెతుకుతున్నాడు.

“బుడ్డా కిధర్ గయా?” అని అడిగాడు.

ముసలాయన ఏడీ అని. రోడ్డు మధ్యలో నిలబడ్డ మనిషిని ట్రేలర్ గుద్దేసిందనుకున్నాడు వాడు. రోడ్డు మీద ఏమీ లేదు.

ట్రేలర్ కొంత దూరం పోయి ఆగింది. డ్రైవర్ పఠాన్, పెద్దవయసువాడు. దిగి పరుగెత్తుకొచ్చాడు. తనకు కనిపించింది నేనొక్కణ్ణేనని ఒట్టేసి చెప్పాడు. తిట్టలేదు. నా పక్కన కూర్చుని, చావు ఎదురుగా వస్తుంటే చేతులు చాచి ఎందుకు నవ్వుతున్నావు బేటా అని హిందీలో అడిగాడు.

మంచు విడిచాక మా వాళ్ళు వచ్చారు. జరిగింది చెప్పాను. అంజయ్య నమ్మలేదు. దిల్‌ను పిలిచి, నువ్వు చూసిన మనిషి ఎట్లున్నడో చూపియ్యి అని హిందీలో అన్నాడు. దిల్ ఎన్నడూ సార్‌ను చూసినవాడు కాదు, ఆయన ఎలా నిలబడేవాడో నేను వాడికి చెప్పిందీ లేదు. వాడు లేచి, బరువు ఎడమకాలి మీద వేసి, కుడిచెయ్యి మోకాలి మీద ఆనించి వంగాడు. అంజయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

“సార్ మనల్ని ఇడిచి పోలేదురా” అన్నాడు.

అందరూ తలలూపారు. సార్ మన ఆట చూడడానికి వచ్చాడని మా వాట్సాప్ గ్రూపులో రాసుకున్నారు, దండాలు పెట్టుకున్నారు. ఆయన రోడ్డు మధ్యలో నిలబడి నన్ను ఎందుకు పిలిచాడని ఒక్కరూ అడగలేదు. నేను ఆ రోజు ఆడలేదు.

ఉండబట్టలేక సార్ భార్యకు ఫోన్ చేశాను. ఆమెను మేడం అంటాం. ఆమె చివరిదాకా విన్నది. మన కాలేజీ గ్రౌండు పక్కన కూడా రోడ్డే కదా బిడ్డా, బంతి రోడ్డు మీద పడితే ఎవరు తెచ్చేవారు అని అడిగింది. సారే తెచ్చేవాడని చెప్పాను. కుంటుకుంటూ ఆయనే పోయేవాడు. మమ్మల్ని గ్రౌండు గీత దాటనిచ్చేవాడు కాదు.

“మరి మా సారు నిన్ను రోడ్డు మీదికి పిలుస్తడా?” అన్నది మేడం. “అది ఆయన కాదు శీనూ. మల్లా పిలిస్తే పోకు.”

మంచులో శబ్దాలు దారి తప్పుతాయని, డ్యూటీల అలసట వల్ల మెదడు ఆడిన ఆటేనని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. దిల్ చూసింది మాత్రం ఆ లెక్కలో ఇమడదు. వాడు వేరే క్యాంపుకు మారిపోయాడు, దాని గురించి మాట్లాడడు.

టీము ఇంకా ఆడుతోంది. గోల్‌లో వేరే అతను నిలబడుతున్నాడు. మంచు పట్టిన రోజు నేను గది తలుపు వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఎండ వచ్చేదాకా మంచం మీదే కూర్చుంటాను.

మేడం చెప్పిందే నిజం కావాలని నాకూ ఉంది. కానీ ఆ గొంతు సార్‌దే. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పిలిస్తే పోకు అంటే సరేనన్నాను. పోకుండా ఉండగలనో లేదో నాకు తెలియదు.