నాయనమ్మ తడిమి చూసిన పెళ్ళికొడుకు

మా చిన్నప్పుడు... మా చిన్నత్త పెళ్ళిచూపుల నాడు నాయనమ్మ పెళ్ళికొడుకు మొహం చూడలేదు. చెయ్యి తడిమింది.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. ఉయ్యూరు దగ్గర పల్లెలో మగ్గం నేసుకునే ఇల్లు మాది. నాయనమ్మ కళ్ళకు పొరలు కమ్మాయి... అయినా బట్టలో ఒక్క పోగు తప్పినా వేలితో పట్టేసేది. "నోరు అబద్ధమాడుద్ది గానీ చెయ్యి ఆడదే" అనేది నాతో. అప్పట్నించీ ఇంటికొచ్చిన వాళ్ళందరి చేతులూ పట్టుకు చూడడం నాకొక పిచ్చి.

అబ్బాయి మంచి నేతగాడని మధ్యవర్తి చెప్పాడు. నాయనమ్మ అతని అరచెయ్యి తడిమి వదిలేసింది.

"కాయలేవి నాయనా? ఇది మగ్గం ఎరిగిన చెయ్యి కాదు."

నేను ఊరుకోగలనా... నేనూ పట్టుకు చూశాను. నిజమే, మా బడి పంతులుగారి చెయ్యిలా మెత్తగా ఉంది. సంబంధం తప్పిపోయినట్టేనని నాన్న తల దించుకున్నాడు.

"నూలు దొరక్క ఏడాదిగా మా మగ్గం ఆగిపోయిందండీ. బెజవాడలో గుడ్డల కొట్లో తానులు మడతపెడుతున్నాను" అన్నాడతను నెమ్మదిగా. ఆ సంగతి దాచిన మధ్యవర్తి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అప్పుడు తలుపు వెనక నుంచి అత్త గొంతు...

"పొద్దున తెగిన పోగు మగ్గం మీద అట్టాగే ఉందమ్మా."

పెళ్ళిచూపుల్లో ఆడపిల్ల నోరు విప్పడమేమిటని అందరూ బిగుసుకుపోయారు. అతను మాత్రం లేచి, చొక్కా చేతులు మడిచి, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. తెగిన పోగు ముడివేసి పక్కకు జరిగాడు. నాయనమ్మ ఆ పోగు వెంట వేలు నడిపింది... ఒకసారి, రెండుసార్లు. ముడి ఎక్కడుందో వేలికి దొరకలేదు.

"తోలు మెత్తబడింది గానీ పనితనం ఎక్కడికీ పోలేదురా. తాంబూలాలు తెప్పించు" అంది నాన్నతో.

చాలా ఏళ్ళ తర్వాత అత్తను అడిగాను... మామయ్య అంత బాగా ముడివేస్తాడని నీకెలా తెలుసని.

"నాకేం తెలుసే? మగ్గం ఆగిందని దాచకుండా చెప్పాడు చూడు... ఆ గొంతు విన్నాక మనసు అటే పోయింది" అంది.

మొన్న మా మనవరాలు ఫోన్లో ఓ పెళ్ళికొడుకు ఫొటో చూపించింది. కళ్ళజోడు సర్దుకుని చూశాను. బాగానే ఉన్నాడు... కానీ ఎలాంటివాడో ఏం తెలుస్తుంది? పాత అలవాటు కదా, అతని చేతి మీద వేలు పెట్టి తడిమాను. అతను జరిగిపోయి ఇంకో అబ్బాయి వచ్చాడు.

మీ ఇంటి పెద్దవాళ్ళు దేన్ని బట్టి మనిషిని తేల్చేవారో కాస్త రాయండి... మా మనవరాలికి చదివి వినిపిస్తాను. ఆ పిల్ల ఇంకా ఎటూ తేల్చుకోలేక ఉంది.